బుడమేరు ముంపు తర్వాత ఇల్లు, వీధి, ఊరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ ఉత్తరాన ఉన్న కాలనీలను ముంచాయి. అజిత్‌సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, నందమూరి నగర్ వంటి చోట్ల రోజుల తరబడి కదల్లేదు. శిబిరాలు ఎత్తేశారు, పరిహారం పంచారు. పాఠకుల ఉత్తరాలు మాత్రం ఆగలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం. భవన నిర్మాణం, విద్యుత్తు, ప్రజారోగ్యం, బీమా రంగాల్లో పనిచేసేవారు కలిసి ఈ జవాబులు రాశారు.

వరద పోయాక రెండుసార్లు రంగులు వేయించాం. రెండుసార్లూ నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు పొక్కులు లేచి, తెల్లటి పొడి రాలుతోంది. పెయింటు మంచిది కాదా?
*– పాఠకురాలు, అజిత్‌సింగ్‌నగర్*

పెయింటు తప్పు కాదమ్మా. గోడ ఆరకముందే దాని మీద మూత పెట్టారు, అదీ సంగతి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ రోజుల తరబడి నీళ్లలో నానితే నీరు ఇటుక లోపలిదాకా వెళ్తుంది. నీళ్లు తీసిన పది రోజులకు పైన చేయి పెడితే పొడిగానే తగులుతుంది, లోపల మాత్రం తడి అలాగే ఉంటుంది. ఆ దశలో లప్పం పెట్టి ప్లాస్టిక్ ఎమల్షన్ కొడితే ఆవిరికి దారి ఉండదు. ఇటుకలో, సిమెంటులో, మురుగునీటిలో ఉన్న లవణాలను నీరు కరిగించుకుని పైకి తెస్తుంది. తను ఆవిరైపోతూ వాటిని లప్పం వెనకాల గడ్డకట్టిస్తుంది. అవి ఉబ్బి పొరను నెట్టేస్తాయి. మీకు కనిపించే తెల్లపొడి అదే.

గోడలు ఆరడానికి మేస్త్రీలు చెప్పే పాత లెక్క ఒకటుంది: ఒక ముఖం నుంచే ఆరే గోడకు అంగుళం మందానికి సుమారు నెల. తొమ్మిదంగుళాల గోడ రెండు వైపులా తెరిచి ఉంటే నాలుగైదు నెలలు, ఒకవైపు పక్కింటి గోడ ఆనుకుని ఉంటే దాదాపు రెట్టింపు. మీరు ఆ సమయం ఇవ్వలేదు. ఇప్పుడైనా ఇలా చేయండి.

పొక్కులు లేచిన గీతకు పైన ఇంకో అడుగు వరకు రంగు, లప్పం, సిమెంటు పూత అన్నీ కొట్టేసి ఇటుక కనిపించేలా వదిలేయండి. స్కర్టింగ్ టైల్స్ కూడా తీయించాలి, ఎందుకంటే తడి ఎక్కువగా దాక్కునేది వాటి వెనకే. ఇటుకల మధ్య సున్నం గానీ సిమెంటు గానీ మెత్తబడి ఉంటే అర అంగుళం లోతు వరకు గీకేయండి. తెల్లపొడిని పొడి బ్రష్షుతోనే దులిపి చేటలోకి ఎత్తి బయట పారేయండి. చాలామంది ఇక్కడే నీళ్లు పోసి కడుగుతారు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. వారానికోసారి దులుపుతూ కిటికీలు తెరిచి, గోడకు ఏటవాలుగా ఫ్యాను పెట్టండి. వానాకాలంలో తలుపులు తెరిచినా గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి ఈ పని డిసెంబరు నుంచి మే లోపు పెట్టుకోవడం మంచిది.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒకటిన్నర అడుగు చదరం పాలిథీన్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు గట్టిగా అంటించి ఒక రోజు ఉంచండి. షీటు లోపల చెమ్మ పడితే ఇంకా ఆగాలి. నేలకు అడుగు ఎత్తులో ఒకటి, మూడడుగుల ఎత్తులో ఒకటి పెట్టి రెండూ చూడండి. పైది పొడిగా ఉండి, కిందది ఎన్ని నెలలైనా తడిగానే ఉంటే అది వరద నీరు కాదు, పునాదిలో తేమ అడ్డుపొర లేక నేల నుంచి ఎక్కుతున్న చెమ్మ. లేదంటే పక్కనే మురుగు పైపు కారుతుండొచ్చు. దాని వైద్యం వేరు.

పూర్తిగా ఆరాక ఒకటికి ఆరు పాళ్ల సిమెంటు, ఇసుకలో కొంచెం సున్నం కలిపి పూత వేయించండి. ఉప్పు ఇసుక వాడకుండా చూసుకోండి. పూత ఆరాక ఏడాది పాటు సున్నమే కొట్టించండి. లప్పం, ప్లాస్టిక్ పెయింటు తర్వాత చూసుకోవచ్చు. లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయిస్తే తడి మాయమైపోతుందని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. తడి మాయం కాదు, ఇంకో అడుగు పైకి ఎక్కుతుంది.

గోడతో పాటు నేల కూడా చూసుకోండి. రూపాయి బిళ్లతో టైల్స్ మీద తడుతూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చిన చోట బేస్‌మెంటులో నింపిన మట్టి, ఇసుక నీటికి కుంగి కింద ఖాళీ ఏర్పడి ఉండొచ్చు. అక్కడ బరువైన బీరువా పెట్టకండి. ఆ టైల్స్ లేపి, నింపిన మట్టిని తడిపి దిమ్మిస కొట్టించి, ఆపైన కొత్తగా కాంక్రీటు వేయించాలి.

మునిగిన స్విచ్‌బోర్డులు ఆరబెట్టి మళ్లీ బిగించారు. బాగానే పనిచేశాయి. ఇప్పుడు వాన పడినప్పుడల్లా ట్రిప్పర్ పడిపోతోంది. ఎలక్ట్రీషియను ట్రిప్పరే మార్చేస్తానంటున్నాడు.
*– పాఠకుడు, రాజరాజేశ్వరిపేట*

మార్చనివ్వకండి. ట్రిప్పర్ తన పని తాను చేస్తోంది. కరెంటు ఎక్కడో భూమిలోకి పోతోందని అది చెబుతుంటే దాన్ని తీసేసి మామూలు స్విచ్ పెట్టడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

మునిగిన స్విచ్‌లు, సాకెట్లు, ఎంసీబీలు, ఫ్యాన్ రెగ్యులేటర్లు ఆరబెడితే పనికిరావు. లోపలి ఇత్తడి ముక్కల మధ్య సన్నటి ఒండ్రు పొర ఉండిపోతుంది. ఎండలో అది ఏమీ చేయదు. గాలిలో తేమ పెరగగానే తడిసి కరెంటుకు దారి ఇస్తుంది. అందుకే వానాకాలంలోనే మీ ట్రిప్పర్ పడుతోంది. మునిగిన గీతకు కింద ఉన్న ప్రతి స్విచ్చూ, సాకెట్టూ కొత్తది వేయించండి. గోడలోని పీవీసీ తొడుగు వైర్లు చాలావరకు వాడుకోవచ్చు, కానీ వాటి అతుకులున్న జంక్షన్ బాక్సులన్నీ తెరిచి శుభ్రం చేసి అతుకులు కొత్తగా కట్టాలి. పైపులో బురద ఉంటే వైరు లాగి పైపు ఊదించాలి.

తర్వాత లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (వైర్ల నుంచి కరెంటు లీకవుతోందో లేదో చూసే మీటరు) పరీక్ష చేయించండి. మెయిన్ ఆఫ్ చేసి, బల్బులు, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ విప్పి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కో సర్క్యూట్‌కు ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మధ్య చూడాలి. ఒక మెగాఓమ్‌కు తగ్గితే ఆ సర్క్యూట్ వైరు మార్చాల్సిందే. న్యూట్రల్-ఎర్త్ పరీక్ష చాలామంది వదిలేస్తారు. ట్రిప్పర్ ఊరికే పడటానికి కారణం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

కొత్త బోర్డులు నేలకు ఐదడుగుల ఎత్తులో పెట్టించండి. నేల గదులకు వేరే సర్క్యూట్, దానికి సొంతంగా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే ట్రిప్పర్) ఉంటే, మళ్లీ నీళ్లొచ్చినప్పుడు కింద మాత్రం ఆపి పైన వెలుగు ఉంచుకోవచ్చు. ఇన్వర్టరు, బ్యాటరీ మెట్ల కింద ఉంటే పై అంతస్తుకు మార్చండి. నెలకోసారి ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కాలి. నొక్కినప్పుడు పడిపోకపోతే అది చెడినట్టే.

మా అపార్ట్‌మెంట్ సంపు, బోరు రెండూ మునిగాయి. సంపు కడిగించాం. బోరు నీళ్లు ఇప్పటికీ వాసన. బ్లీచింగ్ ఎంత వేయాలో ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెబుతున్నారు.
*– అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, పాయకాపురం*

లెక్కలు రెండు. ఒకటి మురుగు చేరిన తొట్టిని శుద్ధి చేసే లెక్క, రెండోది రోజూ తాగే నీటికి వేసే లెక్క. రెంటినీ కలిపేయడం వల్లే ఈ గందరగోళం.

శుద్ధి చేసేటప్పుడు 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ వెయ్యి లీటర్లకు 150 గ్రాములు. 5,000 లీటర్ల సంపుకు 750 గ్రాములు. పొడిని నేరుగా వేయకూడదు. ప్లాస్టిక్ బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పావుగంట తేరనిచ్చి, పై తేటను మాత్రమే సంపులో పోయాలి. అడుగున మిగిలే సున్నం పిప్పి పారేయండి. మోటారు వేసి ప్రతి ఇంటి కుళాయిలోనూ క్లోరిన్ వాసన వచ్చేవరకు నీళ్లు వదలాలి. తర్వాత అన్నీ కట్టేసి ఒక రాత్రంతా, అంటే పన్నెండు గంటలకు తగ్గకుండా ఉంచి, పొద్దున మొత్తం నీళ్లు బయటికి వదిలేయాలి. ఆ నీళ్లు తాగకూడదు, వంటకు వాడకూడదు.

బోరుకు కూడా అదే పాళ్లు. ఆరున్నర అంగుళాల బోరులో మీటరు లోతు నీటికి సుమారు 21 లీటర్లు. నీటి మట్టం నుంచి అడుగు వరకు 40 మీటర్లుంటే 840 లీటర్లు, అంటే దాదాపు 125 గ్రాముల పౌడర్. తేట పోసి, మోటారు వేసి, వచ్చిన నీటినే పైపుతో మళ్లీ బోరులోకి గంటసేపు తిప్పితే మందు కేసింగ్ (బోరులో దించిన పైపు) గోడలకంతా తగులుతుంది. ఒక రాత్రి ఉంచి, వాసన పోయేదాకా నీళ్లు తోడేయండి. వారం తర్వాత నీటిని ల్యాబ్‌కు పంపి కోలిఫాం (మురుగు కలిసిందని చెప్పే సూక్ష్మజీవులు), నైట్రేట్ పరీక్షలు చేయించండి. శుద్ధి చేశాక కూడా కోలిఫాం కనిపిస్తే మురుగు ఇంకా చేరుతోందని అర్థం. కేసింగ్ చుట్టూ సిమెంటు పగిలి ఉందా, పక్కనే సెప్టిక్ ట్యాంకు ఉందా చూడాలి. కేసింగ్‌ను 2024 నీటి గీత కంటే పైకి పెంచి, బిగుతైన మూత పెట్టించండి. ఇది చేయకపోతే పై లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది.

రోజువారీ నీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. వేసిన అరగంట, గంట తర్వాత క్లోరోస్కోపుతో (నీటిలో మిగిలిన క్లోరిన్ కొలిచే చిన్న కిట్టు) చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు, కుళాయి దగ్గర కనీసం 0.2 ఉండాలి. నేలలు, మెట్లు కడగడానికైతే పది లీటర్ల బకెట్‌కు 150 గ్రాములు. బ్లీచింగ్‌తో పాటు టాయిలెట్ యాసిడ్ ఎప్పుడూ కలపకండి. రెండూ కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు మూసి ఉన్న బాత్రూంలో ఊపిరి ఆడనివ్వదు. మూత తెరిచిన బ్లీచింగ్ బస్తా నెలల్లో బలం కోల్పోతుంది కాబట్టి గత ఏడాది మిగిలిన దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

వీధిలోకి నీళ్లు రాకముందే మా బాత్రూం బేసిన్ నుంచి మురుగు పైకి పొంగింది. నాన్ రిటర్న్ వాల్వ్ పెడితే సరిపోతుందా?
*– పాఠకుడు, నందమూరి నగర్*

సరిపోతుంది, పెట్టే చోటు సరైనదైతే. మీ ఇంటి చివరి చాంబరుకూ వీధి మ్యాన్‌హోల్‌కూ మధ్య, తెరిచి శుభ్రం చేయడానికి వీలైన గుంటలో పెట్టాలి. నాలుగంగుళాల పైపుకు తగిన ఫ్లాప్ వాల్వ్ చాలు. మూడు నెలలకోసారి తెరవకపోతే వెంట్రుకలు, గుడ్డముక్కలు ఇరుక్కుని సగం తెరిచి ఉండిపోతుంది.

ఎక్కువమంది పడే పొరపాటు ఇంకొకటి ఉంది. వాల్వ్ మూసుకున్నప్పుడు వీధి నీళ్లు లోపలికి రావు, మీ నీళ్లూ బయటికి పోవు. పై అంతస్తువాళ్లు ఫ్లష్ చేస్తే అది మీ బేసిన్‌లోంచే పొంగుతుంది. అందుకే పై అంతస్తుల నిలువు పైపును వాల్వ్ దాటిన తర్వాత కలిపి, కింది అంతస్తు పైపుకు మాత్రమే వాల్వ్ పెట్టించండి. అది కుదరకపోతే హెచ్చరిక రాగానే మందపాటి పాలిథీన్ సంచిలో ఇసుక నింపి, మూతి బిగించి బేసిన్‌లోనూ స్నానాల గది జాలీ మీదా అదిమి పెట్టండి.

గండ్లు పూడ్చారు కదా, మళ్లీ వస్తుందా? ఇల్లు అమ్మేసి పోదామా అని ఇంట్లో గొడవ.
*– పాఠకురాలు, కండ్రిక*

అమ్మాలా వద్దా అన్నది మీ ఇంటి మాట. మళ్లీ వస్తుందా అంటే, వస్తుందనుకునే సిద్ధపడాలి. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాం.

బుడమేరు మైలవరం వైపు కొండల నీటితో మొదలై, వెలగలేరు మీదుగా విజయవాడ ఉత్తర భాగం నుంచి సాగి, ఎనికేపాడు దగ్గర కాలువల కింది నుంచి యూటీ (అండర్ టన్నెల్) ద్వారా దాటి కొల్లేరుకు చేరుతుంది. కొల్లేరు నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తుంది. నగరం మునగకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కడి నుంచి మళ్లింపు కాలువ తవ్వి, ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో కలిపారు. ఆ కాలువ సామర్థ్యం సుమారు 15 వేల క్యూసెక్కులు. 2024లో అంతకు రెట్టింపు మించి వచ్చింది. కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సైన్యం కూడా దిగాక సెప్టెంబరు 7 నాటికి గానీ మూడోది పూడలేదు.

అసలు చిక్కు మళ్లింపు కాలువ వెడల్పులో మాత్రమే లేదు. ఆ కాలువ కృష్ణలో కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. బ్యారేజీ చరిత్రలో అంత ఎప్పుడూ రాలేదు. కృష్ణ అంత ఎత్తున ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీరు అందులోకి దిగదు, వెనక్కే తంతుంది. అదే సమయంలో పాత బుడమేరు నగరంలో కబ్జాలతో, పూడికతో ఇరుకైపోయింది. నగరం వాన నీరు కూడా దాంట్లోకే పోవాలి. ఇటు నుంచి వెళ్లాలన్నా దారి లేదు, అటు నుంచి వెళ్లాలన్నా దారి లేదు. నీరు రోజుల తరబడి నిలిచిపోవడానికి కారణం ఇదే. మళ్లింపు కాలువను ఎంత వెడల్పు చేసినా, రెండు నదులూ ఒకేసారి పొంగే రోజున అదొక్కటే ఆదుకోదు. పాత బుడమేరు, ఎనికేపాడు యూటీ, కొల్లేరు, ఉప్పుటేరు దాకా దారి తెరవాలి. కబ్జాల తొలగింపు మాట ఎత్తినప్పుడు ముందు పేదల గుడిసెలే కనిపిస్తాయి. అక్కడున్నవాళ్లకు అదే ప్రాంతంలో ఇళ్లు చూపించకుండా ఖాళీ చేయిస్తే రెండేళ్లలో మళ్లీ అక్కడికే వస్తారు. పనికి దగ్గరగా లేని ఇల్లు వాళ్లకు ఇల్లు కాదు.

మీ వార్డు సమావేశంలో అడగాల్సినవి అడగండి. బుడమేరు హద్దురాళ్లు పాతిన పటం వార్డు సచివాలయంలో అతికించాలి. జూన్ లోపు పూడిక తీశారో లేదో ఫొటోలతో చూపించాలి. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నీటి మట్టం గంటగంటకూ ప్రజలకు తెలియాలి. 2024లో చాలామంది నష్టపోయింది నీళ్ల వల్ల ఎంతో, ముందు కబురు అందకపోవడం వల్ల కూడా అంతే. రెండు గంటల ముందు తెలిసి ఉంటే బళ్లు ఫ్లైఓవర్ ఎక్కేవి, సర్టిఫికెట్లు మేడెక్కేవి.

మా వీధి రోడ్డు ఎత్తు పెంచుతూ పోయారు. ఇల్లు గుంటలో పడింది. జాకీలతో ఇల్లు లేపిస్తామని ఒక సంస్థ వచ్చింది.
*– పాఠకుడు, వాంబే కాలనీ దగ్గర*

రోడ్డు మీద రోడ్డు వేయడం ఊరంతటి జబ్బు. పాత తారు గీకి తీసి, అదే మట్టానికి వేయాలని టెండరు దశలోనే వీధంతా కలిసి అర్జీ ఇవ్వండి. పని మొదలయ్యాక వినరు.

జాకీల పని కొన్ని ఇళ్లకు కుదురుతుంది. గోడల మీదే బరువు నిలిచే ఒకటి రెండంతస్తుల ఇల్లయితే గోడ కింద చానెల్ పెట్టి వరుసగా జాకీలు అమర్చి, అన్నీ ఒకేసారి కొద్దికొద్దిగా లేపుతారు. పిల్లర్ల ఇల్లయితే కష్టం, ఖర్చు రెండూ పెరుగుతాయి. పక్కింటితో గోడ కలిసి ఉంటే వద్దు. ఒప్పందానికి ముందు, ఆ సంస్థతో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజినీర్ దగ్గర రాతపూర్వక నివేదిక తీసుకోండి. పగుళ్లు వస్తే బాధ్యత ఎవరిదో కాగితం మీద ఉండాలి. లేపిన తర్వాత మెట్లు, మురుగు పైపులు, సంపు కలుపులు అన్నీ మళ్లీ చేయించాలి. ఆ ఖర్చు వాళ్ల కొటేషన్‌లో సాధారణంగా ఉండదు.

కిరాణా కొట్టు మునిగింది. ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు గోడలకే సరిపోలేదు. బైకుకు బీమా ఉంది గానీ క్లెయిం తిరస్కరించారు.
*– చిన్న వ్యాపారి, రాజరాజేశ్వరిపేట*

బైకు సంగతి ముందు. మీది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే వరద నష్టానికి రూపాయి రాదు. ఓన్ డ్యామేజీ (మీ బండికి జరిగిన నష్టానికి బీమా) ఉంటే వస్తుంది. అయితే మునిగిన బండిని స్టార్టు చేయబోతే సిలిండరులోకి చేరిన నీటికి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ నష్టం వరద వల్ల కాదు, మీరు స్టార్టు చేయడం వల్ల అంటారు. కార్లకైతే ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ దానికోసమే. మునిగిన బండిని తాళం తిప్పకుండా ఫొటోలు తీసి, తోయించుకునే షెడ్డుకు చేర్చాలి.

కొట్టుకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా అనే పాలసీ ఉంది, 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీల దగ్గర దొరుకుతోంది. మొత్తం విలువ ఐదు కోట్ల లోపు వ్యాపారాలకు ఇది. ఇంటికి అలాంటిదే భారత్ గృహ రక్షా. అందులో ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా పది లక్షల దాకా ఇంట్లో సామానుకు దానంతటదే వర్తిస్తుంది. వరద రెండింట్లోనూ ఉంది. క్లెయిం నిలవాలంటే సరుకు లెక్క రాసి ఉండాలి. హోల్‌సేల్ బిల్లులు ఫోనులో ఫొటో తీసి ఇంకో ఊళ్లో ఉన్న బంధువుకు వారానికోసారి పంపండి. సర్వేయర్ వచ్చేదాకా పాడైన సరుకు పారేయకండి. పారేయక తప్పకపోతే అరలవారీగా వీడియో తీసి, రకం, సంఖ్య రాసుకోండి. అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వక ఫిర్యాదు, తర్వాత ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. వకీలు అక్కర్లేదు, ఫీజూ లేదు.

ఇంటి దస్తావేజు తడిసి పేజీలు అంటుకుపోయాయి.
*– పాఠకురాలు, పాయకాపురం*

లాగకండి, ఇస్త్రీ పెట్టకండి, ఎండలో వేయకండి. నీడలో ఫ్యాను గాలికి ఆరనిచ్చి, కాస్త వదులయ్యాక పేజీకి పేజీకి మధ్య ఇంకు అంటని తెల్ల కాగితాలు పెట్టి గంటగంటకూ మార్చండి. ముందుముందు ఎప్పుడైనా తడిసి, వెంటనే చేయడానికి తీరిక లేకపోతే ప్లాస్టిక్ సంచిలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే బూజు పట్టదు. రిజిస్టరైన దస్తావేజుకు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు, కాబట్టి బెంగపడకండి.

మబ్బు పడితే చాలు, మా ఎనిమిదేళ్ల పాప మంచమెక్కి దిగదు. మా అత్తగారికి రాత్రుళ్లు నిద్ర లేదు.
*– పాఠకురాలు, అజిత్‌సింగ్‌నగర్*

భయపడొద్దని చెప్పి ఊరుకోకండి. పాపకు పని ఇవ్వండి: వాన రోజు టార్చి, విజిలు, తన స్కూలు పుస్తకాల సంచి ఎక్కడ పెట్టాలో తనే చూసుకోవాలి. నీళ్లొస్తే ఎవరింటి మేడకు వెళ్తామో ఒక ఎండ రోజున చేయి పట్టుకుని నడిపించండి. నెలల తరబడి నిద్ర లేకపోవడం, తిండి మానడం పెద్దవాళ్లలో వయసు వల్ల వచ్చినవి అనుకోకండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

హుద్‌హుద్‌కు మా కాలనీలో చెట్లన్నీ పోయాయి. తర్వాత నాటినవీ మామూలు గాలికే ఒరుగుతున్నాయి.
*– పాఠకుడు, విశాఖపట్నం*

2014 అక్టోబరు 12 నాటి ఆ తుఫానులో పడిన చెట్లు చాలావాటికి మొదలు చుట్టూ కాంక్రీటు, ఒక పక్క కేబుళ్ల తవ్వకంలో తెగిన వేర్లు. ఇప్పటివి ఒరుగుతున్నాయంటే బహుశా చిన్న గుంటలో, సంచిలో చుట్టలు చుట్టుకున్న వేర్లతోనే నాటి ఉంటారు. మూడడుగుల చదరం, మూడడుగుల లోతు గుంట తీసి, చుట్టుకున్న వేర్లు విడదీసి నాటాలి. మొదలు చుట్టూ కనీసం మూడడుగుల మట్టి వదలాలి. తురాయి, కొండచింత వంటివి వేగంగా పెరిగినా గాలికి తొందరగా విరుగుతాయి. రోడ్ల పక్కన వేప, కానుగ నయం. ఊత కర్ర రెండేళ్లకు మించి ఉంచితే మొదలు బలపడదు.

మా వీధిలో నలభై ఇళ్లు. వరదప్పుడు అందరం ఒకటిగా ఉన్నాం. ఇప్పుడు ఎవరి తలుపు వాళ్లది. కమిటీ వేద్దామంటే ఎలా మొదలుపెట్టాలి?
*– మహిళా సంఘం సభ్యురాలు, నందమూరి నగర్*

మీ ప్రశ్నే ఈ సంచికలో అన్నిటికన్నా ముఖ్యమైనదని మా అభిప్రాయం. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబేలో భూకంపం వచ్చినప్పుడు శిథిలాల్లోంచి బతికి బయటపడినవారిలో ఎక్కువమందిని లాగింది ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు. తర్వాత అక్కడే ఒక తప్పు జరిగింది. ముసలివాళ్లకు ముందుగా తాత్కాలిక ఇళ్లు ఇవ్వాలని మంచి మనసుతోనే లాటరీ వేశారు. పాత వీధివాళ్లు చెల్లాచెదురయ్యారు. తెలియని బ్లాకుల్లో ఒంటరిగా చనిపోయి, రోజుల తర్వాత గానీ ఎవరికీ తెలియని సంఘటనలు జరిగాయి. జపాన్‌లోనే 2004 నీగాటా భూకంపం తర్వాత ఊరివాళ్లను ఊరివాళ్లతోనే ఉంచే పద్ధతి పాటించారు. రేపు మీ వీధిని ఎక్కడికైనా తరలించాల్సి వస్తే అందరినీ ఒకే శిబిరానికి పంపమని ముందే వార్డు సచివాలయానికి రాసి ఇవ్వండి.

కమిటీకి అధ్యక్షుడు, కార్యదర్శి అని మొదలుపెడితే రెండో సమావేశానికే మాటపట్టింపులు వస్తాయి. పుస్తకంతో మొదలుపెట్టండి. ఒక నోటుబుక్కులో ఇంటికో పేజీ: ఎంతమంది, ఏ అంతస్తు, మంచం దిగలేనివారు, గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్లేవారు, ఇన్సులిన్ వాడేవారు, ఈత వచ్చినవారు, నర్సు, డ్రైవరు, ఎలక్ట్రీషియను. ఏటా మేలో సరిచేయాలి. రెండు కాపీలు, రెండూ మేడ మీది ఇళ్లలో. అద్దెకుండేవాళ్లను వదలకండి. వాళ్లకు ఈ ఊళ్లో బంధువులు ఉండరు, ముందు చిక్కుకునేది వాళ్లే.

ఆ తర్వాత జతలు కట్టండి. ప్రతి కింది ఇంటికీ ఒక పై ఇల్లు. నీళ్లొస్తే ఎవరు ఎవరింటికి పోవాలో పేరుపేరునా రాయండి. ఇక్కడే తడబాటు ఉంటుంది. కులం, మడి, వంటింటి పట్టింపులు ఎవరూ పైకి చెప్పరు గానీ ఆ రాత్రి తలుపు దగ్గర ఆగిపోయేలా చేస్తాయి. ఇప్పుడే ఇంటింటికీ వెళ్లి మేడ మెట్లకు, బాత్రూంకు ఒప్పించుకోండి. ఒప్పుకోని ఇల్లుంటే వేరే ఇంటితో జత కట్టండి, బలవంతం వద్దు.

నలభై ఇళ్లలో 160 మంది అనుకుంటే తాగే నీళ్లు మనిషికి రోజుకు మూడు లీటర్లు, మూడు రోజులకు 1,440 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 72. ఇవన్నీ ముందే కొని పెట్టక్కర్లేదు. తుఫాను హెచ్చరిక రాగానే ప్రతి పై ఇల్లూ నాలుగేసి క్యాన్లు నింపి పెట్టుకుంటే చాలు. కొని ఉంచాల్సినవి ఇవి: 20 లీటర్లకు ఒకటి వేసే క్లోరిన్ మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు 200, వంద అడుగుల నైలాన్ తాడు రెండు, గాలి నింపిన లారీ ట్యూబులు నాలుగు, విజిళ్లు, టార్చిలు, శానిటరీ ప్యాడ్లు, పెద్దవాళ్ల డైపర్లు. చివరి రెండూ 2024లో అందరూ మరిచిపోయినవి, ఆడవాళ్లు అడగలేకపోయినవి. మాత్రల మీద గడువు తేదీ ఏటా చూడండి.

వీధి మొదట్లో కరెంటు స్తంభం మీద 2024 నీటి గీతను ఎర్ర పెయింటుతో వేసి, అడుగుకో గీత నల్లగా గీయండి. కింది నుంచి రెండో నల్ల గీతకు నీరు తాకితే మెయిన్ స్విచ్‌లు ఆపాలి, మంచం దిగలేనివాళ్లను పైకి చేర్చాలి అని ముందే తేల్చుకోండి. చీకట్లో వాదనలుండవు. విజిల్ గుర్తులు కూడా అనుకోండి: ఒక్కసారి పొడవుగా అయితే నీళ్లొస్తున్నాయని, మూడుసార్లు ఆగి ఆగి అయితే సాయం కావాలని. సెల్ టవర్లు పనిచేయకపోతే ఇదొక్కటే మిగులుతుంది.

ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లను, అమ్మాయిలను కూడా, ఆపద మిత్ర శిక్షణకు పంపండి. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ పథకం అది, పన్నెండు రోజులు నేర్పుతారు. మీ జిల్లాలో తర్వాతి విడత ఎప్పుడో కలెక్టరేట్‌లో అడగండి. రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూం 1070, జిల్లాది 1077, అత్యవసరం 112. ఈ మూడూ ప్రతి ఇంటి తలుపు లోపల రాసి ఉంచాలి.

ఏడాదికోసారి, ఆగస్టులో ఒక ఆదివారం, సాధన చేయండి. విజిల్ ఊదినప్పటి నుంచి ఆఖరి మనిషి మేడ ఎక్కేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో పుస్తకంలో రాయండి. మొదటిసారి మంచం దిగలేని పెద్దవాళ్ల దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే కుర్చీలో కూర్చోబెట్టి మెట్లెక్కించడానికి నలుగురు కావాలని అప్పుడే తెలుస్తుంది. ఆ నలుగురి పేర్లు ఆ ఇంటి పేజీలో అక్కడికక్కడే చేర్చండి.